సిరాచుక్కలో వరదగుడి

మైపాడు మొదలు కృష్ణపట్నము వఱకు గల ఇసుక నేలలయందు తాటిచెట్లు బారులు తీరి యుండుట మన బాలబాలిక లందఱు నెఱిగినదే. వేకువను చెట్టునుండి దింపిన రసము తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది అది నురుగుకట్టి పులిసి, సాయంకాలమునకు దూరమునుండియే వాసన తెలియునంతటి దగును. కుండ లోపల సున్నము పూసి కట్టినచో రసము పులియక నిలుచును. దానిని కాచియే తాటిబెల్లము వండుదురు. ఈ రెండు కుండలకు గల భేదమేమి? సున్నము లేని కుండలో ఈస్టు అను సూక్ష్మజీవులు పెరిగినవి. సున్నమున్న కుండలో అవి పెరుగలేకపోయినవి.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠమునకై మేము చిన్నసీసాలో పులిసిన కల్లు తెప్పించితిమి. మిషను పాఠశాల గుమ్మము దాటి కల్లు లోనికి వచ్చుట బహుశః ఇదియే మొదలు. గాజుపలకమీదికి పోయిన బొట్టు పోగా మిగిలినది ఆ క్షణమే తూములో పోయబడెనని తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము. సూక్ష్మదర్శినిలో చూడగా కోలగుండ్రని కణములు లెక్కకు మించి కనబడినవి. కొన్నింటి ప్రక్కన చిన్న బుడిపెవలె పిల్లకణము మొలచుచుండెను. పిల్లలందఱు వంతులవారీగా చూచి సంతోషించిరి. కడపట నొక బాలిక, “అయ్యా, ఇవి మన రక్తములోనికి పోయినచో బ్రతుకునా?” అని యడిగినది. ఆనాడు గంట కొట్టినందున చెప్పవలసినంత చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు బాకీపడిన సమాధానము.

ఈస్టులు శిలీంధ్రజాతికి చెందినవి. అనగా బూజునకును, పుట్టగొడుగునకును బంధువులు. ఇందలి జాతులలో మనుష్యునకు హాని చేయునవి మిక్కిలి కొద్ది. ఇందుకు ముఖ్యకారణము మన దేహపు వేడిమి. చాలవఱకు శిలీంధ్రములు 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పెరుగజాలవు. ఒకవేళ పెరుగగలిగినను రక్తములోని తెల్లకణములు వానిని మ్రింగివేయును. ఈ రెండు గోడలను దాటగల జాతులే వైద్యులకు చిక్కు తెచ్చుచున్నవి.

అట్టివానిలో మొదటిది కాండిడా. ఇది మనకు క్రొత్తది కాదు. ఆరోగ్యవంతులగు అనేకుల నోటియందును ప్రేగులయందును ఇది ఏ కీడును చేయక కాపురముండును. పసిబిడ్డల నాలుకమీద పెరుగుతరకవలె తెల్లని పొర కట్టుట తల్లులు చూచియే యుందురు. అది దీని పనియే. లాటిను భాషలో కాండిడా యనగా తెల్లనిదని యర్థము. ముఖ్యజాతికి ఆల్బికన్స్, అనగా తెల్లబడునది, యని పేరు. తెల్లనిదానికి మరల తెల్లనిదని పేరుపెట్టిన పండితులను చూచి మా విద్యార్థులు నవ్విరి. ఈ జాతిని గుర్తించుట కొక సులభమైన పరీక్ష కలదు. రక్తమునుండి తీసిన పసుపుపచ్చని ద్రవములో ఈ కణములనుంచి, దేహపు వేడిమిలో రెండుమూడు గంటలుంచినచో, నానవేసిన పెసలకు మొలకలు వచ్చినట్లు ప్రతి కణమునుండి సన్నని తొడిమవంటి గొట్టము వెడలును. ఆ మొలకయే దాని యాయుధము. గుండ్రముగా నున్నంతకాలము ఇరుగుపొరుగువలె నుండును. మొలకెత్తినపుడు కణజాలమును చీల్చుకొని లోనికి పోవును.

అయితే ప్రేగులలో నుండునది రక్తములోని కెట్లు పోవును? త్రోవ దొరికినపుడు పోవును. ఆ త్రోవలలో అనేకము మన చికిత్సలే తెరచుచున్నవి. నెలలు నిండక పుట్టిన శిశువు, పెద్ద శస్త్రచికిత్స జరిగినవాడు, కర్కటరోగమునకు మందు పుచ్చుకొనువాడు, చక్కెరవ్యాధి ముదిరినవాడు, రోజులతరబడి రక్తనాళములో గొట్టముంచబడినవాడు — వీరే దీనికి లోనగువారు. బాక్టీరియాలను చంపు మందులు విశేషముగ వాడినపుడు ప్రేగులలో కాండిడాకు పోటీయైనవి నశించి, ఇది ఒక్కటియే విజృంభించును. చేనిలో కలుపును చంపబోయి పైరును కూడ చంపినచో, మందునకు లొంగని తుంగ యొకటియే చేనంతయు నాక్రమించినట్లని రైతుబిడ్డలకు చెప్పిన సులభముగా తెలియును.

ఈ సందర్భమున మన తెలుగువాడగు యెల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపకుండుట న్యాయము కాదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు వెళ్లిన ఈ మహనీయుడు లెడర్లీ ప్రయోగశాలయందు పరిశోధనల నడిపించుచుండగా, 1948లో ఆరియోమైసిన్ అను మందు లోకమునకు తెలియజేయబడినది. ఇది టెట్రాసైక్లిను మందులలో మొదటిది. నానావిధములగు బాక్టీరియాల నొక్క పెట్టున అణచుట దీని మహిమ. ఆ సంవత్సరమే ఆగస్టులో ఆయన పరమపదించెను. ఆయన బృందమువారు తయారుచేసిన మఱియొక మందు తరగతినుండి పుట్టినదే మెథోట్రెక్సేటు. కర్కటరోగమునకు నేటికిని వాడబడుచున్నది. ఈ మందులవలన బ్రతికినవారి సంఖ్య చెప్పనలవి కాదు. కాని ఇట్టి మందులు వ్యాపించిన పిమ్మటనే వైద్యశాలలలో కాండిడా బాధ హెచ్చుట వైద్యులు గమనించిరి. ఇది ఆ మందుల దోషమని మేమనము. వెనుకటి దినములలో ఆ రోగులు కాండిడా వఱకు రాకమునుపే మరణించుచుండిరి! విచిత్రమేమనగా, 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు మురుగునీటిని వడియగట్టు చోట కనుగొన్న యొక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బారావుగారి గౌరవార్థము సుబ్బారోమైసెస్ అని పేరుపెట్టెను. అది రోగకారి కాదు. చూపునకు అందమైనదని ‘స్ప్లెండెన్స్’ అను రెండవ పేరు కూడ దానికి కలదు.

మనదేశపు వైద్యశాలల సంగతి చూతము. 2011, 2012 సంవత్సరములలో 27 వైద్యశాలల తీవ్రచికిత్సా విభాగములందు జరిగిన పరిశీలనలో, చేరిన ప్రతి వేయిమందిలో ఆరుగురికి పైగా రక్తమున కాండిడా కనబడినది. రోగి చేరిన పిమ్మట సుమారు ఎనిమిది దినములకు ఇది బయలుదేరుచుండెను. ముప్పది దినములలోపల నూటికి నలుబదినలుగురికి పైగా మరణించిరి. అందఱు దీనివలననే మరణించిరని చెప్పరాదు. వారు మునుపే పెద్దరోగములతో నున్నవారు. మఱియొక విశేషము: శీతలదేశములలో ఆల్బికన్స్ ప్రధానముకాగా, మనదేశమున ట్రోపికాలిస్ అను ఉష్ణదేశపు జాతి నూటికి నలుబదికి మించి కనబడినది. కావున పరదేశపు పుస్తకము చూచి మనరోగికి మందు నిర్ణయించుట యన్నివేళల చెల్లదు.

చండీగఢ్‌లోని పెద్ద వైద్యశాలలో 1996 మొదలు 1998 వఱకు నడచిన ఉపద్రవము మఱింత ఆశ్చర్యకరము. అచ్చట నవజాత శిశువులును పిల్లలును కలిపి 379 మందికి పిచియా అనామలా అను ఈస్టు రక్తములో ప్రవేశించినది. ఇది పులిసిన ఆహారపదార్థములయందు సహజముగ నుండు జాతి. ఎవ్వరును శత్రువని తలపనిది. విచారింపగా వైద్యశాలలో పనిచేయువారి చేతులమీద కూడ అది యుండెను. చేతులు కడుగుకొనుటను గూర్చి యందఱికి బోధించి, శిశువులకు ముందుగానే శిలీంధ్రనాశకమగు మందిచ్చిన పిమ్మటగాని అది యణగలేదు. ఆనాటి బాలిక ప్రశ్నకు ఇది సూటియైన సమాధానము: పులిపిండికి చుట్టమైన ఈస్టు సయితము, పుట్టి పదిదినములు కాని శిశువు రక్తములో బ్రతుకగలదు.

2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవిలో కాండిడా ఆరిస్ అను క్రొత్తజాతి కనుగొనబడినది. లాటినులో ఆరిస్ అనగా చెవి. పిమ్మట కొద్ది సంవత్సరములలోనే ఢిల్లీ వైద్యశాలలలోను, వేర్వేరు ఖండములలోను ఒకదానితో నొకటి సంబంధము లేని తెగలుగా ఇది బయటపడెను. మంచపుకోడులమీద, గుడ్డలమీద దినములతరబడి జీవించును. రోగినుండి రోగికి చేతులద్వారా ప్రాకును. తరచు ముఖ్యమైన మందులకు లొంగదు. ఇది ప్రకృతిలో ఎచ్చట నుండెనో చాలకాలము తెలియలేదు. 2020లో అండమాను ద్వీపముల తీరమున సేకరించిన మన్నును నీటిని పరీక్షించి, ఉప్పుబురదయందును ఇసుకతీరమునందును ఇది యున్నదని మన భారతీయ శాస్త్రజ్ఞులే 2021లో ప్రకటించిరి. ఆ ద్వీపములను తాకు బంగాళాఖాతమే మన మైపాడును తాకుచున్నది. ఇందువలన మన తీరమున నిది కలదని యెవ్వరును భ్రమపడరాదు; సముద్రస్నానమున కెవ్వరును భయపడనక్కఱ లేదు. భూమి వేడెక్కినకొలది వేడికి అలవాటుపడిన శిలీంధ్రములు మన దేహపు వేడిమిని కూడ ఓర్చుకొన నేర్చుచున్నవేమోయని కొందఱు పండితులు శంకించుచున్నారు. ఈ శంక యింకను రుజువు కాలేదు.

ఇక రెండవ శత్రువును గూర్చి చెప్పవలెను. దీనికి క్రిప్టోకాకస్ అని పేరు. ఇది పావురముల రెట్టలోను, పుచ్చిన చెట్ల తొఱ్ఱలలోను నివసించును. మనదేశమున నేరేడు, చింత, వేప మ్రాకుల తొఱ్ఱలనుండి దీనిని వెలికితీసిరి. దీని బంధువగు గాటీ యను జాతిని 1990లో ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ చెట్లమీద కనుగొనిరి. మన జిల్లావారు జామాయిలు అనునది ఆ కుటుంబమే. ధూళితోపాటు దీనిని పీల్చుట ఎందఱికో జరుగుచుండును, ఏమియు కాదు. కావున జామాయిలు తోటలను నరుకబోవలదు, పావురములను తరుమబోవలదు. దేహరక్షణశక్తి క్షీణించినవానియందు మాత్రము ఇది ఊపిరితిత్తులనుండి మెదడుపొరలకు ప్రాకి మెదడువాపు కలిగించును.

ఆ రక్షణశక్తిని హరించు హెచ్.ఐ.వి. మనదేశమున మొదట గుర్తింపబడినది 1986లో, మన ప్రక్కనున్న మద్రాసునందే. మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్దబాట మన నెల్లూరు, కావలి మీదుగానే పోవుచున్నది. ఆంధ్రదేశము ఆ వ్యాధిచే మిక్కిలి బాధింపబడినది. 2021వ సంవత్సరపు అంచనా ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షలమంది ఆ వైరసుతో జీవించుచున్నవారు కలరు. 2004 ఏప్రిలునుండి ప్రభుత్వము వారికి ఉచితముగ మందులిచ్చుట ప్రారంభించినది. ఆ మందులను ఎడతెగక పుచ్చుకొనువారు చక్కగా పనిపాటలు చేసికొనుచు జీవించుచున్నారు. వారికి ఈ ఈస్టు భయము మిక్కిలి స్వల్పము. భయమంతయు వ్యాధి యున్నదని తెలియనివారికిని, సిగ్గుచేత మందు మానుకొన్నవారికిని.

ఒక సంగతి చెప్పెదము. మా యెఱుకలోని యొక లారీ నడుపువానికి తలనొప్పి పట్టుకొనెను. మొదట అంగడిలో మాత్రలు కొని మ్రింగెను. వారమైన పిదప జ్వరము, వాంతులు తోడయ్యెను. చూపు మసకబారగా కండ్లద్దములు మార్చిరి. పిమ్మట ఒకచోట క్షయవలన కలిగిన మెదడువాపని తలచి ఆ మందు లిచ్చిరి. ఆ యనుమానము తప్పని మేమనము. మనదేశమున క్షయ యంత విస్తారముగ నున్నది, రెండింటి లక్షణములు నొక్కటే. నాల్గవ వారమున పెద్దపట్టణమునకు తీసికొనిపోగా, అచ్చటి వైద్యుడు వెన్నుపామునుండి నీరు తీసి, అందులో నొక చుక్క నల్లసిరా కలిపి సూక్ష్మదర్శినిలో చూచెను. రోగము తెలిసినది. మనిషి దక్కెను, చూపు దక్కలేదు.

ఈ సిరా పరీక్షను మన విద్యార్థులు తెలిసికొనవలెను. దీనికి వాడునది ఇండియా సిరా. చిత్రలేఖనమునకు వాడు నల్లనిది, మసిరేణువులు నీటిలో తేలునది. క్రిప్టోకాకస్ కణముచుట్టు చక్కెరజాతి పదార్థముతో నేర్పడిన మందమైన జిగురుతొడుగు కలదు. మసిరేణువు ఆ జిగురులోనికి చొరజాలదు. కావున నల్లని తెరమీద ప్రతి కణముచుట్టు తెల్లని వలయము, వానకాలపు రాత్రి చంద్రునిచుట్టు వరదగుడి కట్టినట్లు, స్పష్టముగ కనబడును. ఆ జిగురే తెల్లకణముల కది చిక్కకుండ కాపాడుచున్నది. దానిని దాచు తొడుగే మన కంటికి దానిని పట్టియిచ్చుట చూడుడు! సిరావెల కొద్దిపాటిది; సూక్ష్మదర్శిని ప్రతి జిల్లా వైద్యశాలలోను కలదు. కణములు కొద్దిగా నున్నపుడు ఈ పరీక్ష తప్పిపోవును; అందుచే ఆ జిగురుపదార్థమునే పట్టియిచ్చు కాగితపుపట్టీ పరీక్ష వచ్చినది. రక్తపుబొట్టుతోనైనను పదినిమిషములలో తెలియును. హెచ్.ఐ.వి. ముదిరినవారికి తలనొప్పి రాకమునుపే ఈ పట్టీతో పరీక్షింపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ పట్టీ కూడ లేనిచోట సిరా యైనను ఉండవలెను గదా.

లోకమంతట లెక్క చూచిన, 2020లో హెచ్.ఐ.వి. గలవారిలో ఈ మెదడువాపు సుమారు 1,52,000 మందికి వచ్చెననియు, 1,12,000 మంది మరణించిరనియు అంచనా. 2014లో మరణములు 1,81,000 అని లెక్కింపబడెను గనుక కొంత తగ్గినదనవచ్చును. రక్తమునను లోపలి యవయవములలోను కాండిడా చేరుట యేటేట సుమారు 15 లక్షల 65 వేలమందికి కలుగుచున్నదనియు, వారిలో దాదాపు పదిలక్షలమంది మరణించుచున్నారనియు 2024లో ప్రకటింపబడిన యొక గణనము. ఈ సంఖ్యలు తలలు లెక్కించి చెప్పినవి కావు. రక్తమును పెంపకమునకు పెట్టినపుడు కాండిడా సుమారు సగముమందిలో మాత్రమే మొలచును. అనేక వైద్యశాలలలో ఆ పరీక్షయే లేదు. మరణపత్రమున ‘జ్వరము’ అనియో, ‘మెదడువాపు’ అనియో వ్రాసి ముగింతురు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమగు 19 శిలీంధ్రముల పట్టికను మొదటిసారిగా ప్రకటించినది. అందు అతిముఖ్యములైన నాలుగింటిలో మూడు ఈస్టులే: క్రిప్టోకాకస్, కాండిడా ఆరిస్, కాండిడా ఆల్బికన్స్. మసూచికను, మలేరియాను గూర్చి వందలయేండ్లుగా లెక్కలు వ్రాసిన లోకము వీనికి పట్టిక వ్రాయుటకు 2022 వఱకు ఆగినది!

మందులు కొద్ది. కారణము చెప్పిన పిల్లలు నమ్మరు: శిలీంధ్రములు చెట్లకంటె జంతువులకు దగ్గఱ చుట్టములు. వాని కణమును పాడుచేయు విషము మన కణమును కూడ పాడుచేయును. వెనిజులాలో ఒరినోకో నదీతీరపు మట్టినుండి 1950ల నడుమ లభించిన ఆంఫోటెరిసిన్ నేటికిని ముఖ్యమైన మందు. అది శిలీంధ్రమును చంపును గాని, వడకును జ్వరమును తెచ్చి మూత్రపిండముల నలుపును. క్రొవ్వుబిందువులలో పొదిగి యిచ్చిన బాధ తగ్గును, వెల పెరుగును. 2021లో నల్లబూజు వ్యాధి ప్రబలినపుడు ఈ మందుకొఱకు మన రాష్ట్రమున జనులు ఊరూర తిరుగుట పెద్దలకు జ్ఞాపకముండును. ఆఫ్రికాలోని అయిదు దేశములలో జరిగిన పరీక్షలో, ఆ క్రొవ్వుపొదిగిన మందును పెద్దమోతాదుగా నొక్కసారి మాత్రమే యిచ్చి, తోడుగ ఫ్లూసైటోసిన్, ఫ్లూకొనజోల్ అను మాత్రలు రెండువారము లిచ్చిన చాలునని 2022లో తేలినది. పది వారములలో మరణములు నూటికి 25. వెనుకటి పద్ధతిలో 29. రోగిని దినదినము సూదులతో బాధింపనక్కఱ లేదు. అంతేకాక, తలలో హెచ్చిన యొత్తిడి తగ్గుటకై వెన్నునీటిని మరల మరల తీయుట కూడ ప్రాణము నిలుపు చికిత్సయే. చూపును కాపాడునదియు నదియే. ‘వెన్నులో సూది వేసిన కాళ్లు పడిపోవును’ అని మన గ్రామములలో బంధువులు అడ్డుపడుట మేము చూచితిమి. ఆ భయము నిరాధారము.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఇంటిలో నెవరికైనను జ్వరముతోడి తలనొప్పి వారముదాటి మానక, వాంతులు గాని చూపు మసక గాని తోడైనచో, అంగడిమాత్రలతో దినములు గడపక వైద్యునియొద్దకు తీసికొనిపోయి, “అయ్యా, వెన్నునీటిని సిరాతో గాని పట్టీతో గాని పరీక్షించితిరా?” అని మర్యాదగా నడుగుడు. హెచ్.ఐ.వి. పరీక్షయు చేయించుడు. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఈ వ్యాసము ముగించు ముందు మేము మరల కొంచెము కల్లు తెప్పించితిమి. చిత్రలేఖనపు ఉపాధ్యాయునియొద్ద నల్లసిరా యెరవు తీసికొని, రెండింటిని గాజుపలకమీద కలిపి, ప్రశ్న యడిగిన బాలికను పిలిచి చూడుమంటిమి. నల్లని తెరమీద కల్లులోని ఈస్టులు తెల్లగా మెఱయుచుండెను. ఆమె చాలసేపు చూచి, “గుడి యేది సార్?” అనెను. గుడి లేదు. ఈ జాతికి జిగురుతొడుగు లేదు.